ఎంటీబీ రేసులో దారిలో ఆగినవాడికి సాయం: అపోహలు – వాస్తవాలు

మా తిరుపతి వైపు ఏ ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే కొండబాటల్లో, మట్టిదారుల్లో తొక్కే సైకిల్) రేసు జరిగినా, అయిపోయాక టిఫిన్ పొట్లాల దగ్గర ఒక తగువు తప్పదు. "స్పేరు ట్యూబు కూడా లేకుండా వచ్చి దారిలో ఆగిపోతే వాడి కోసం నేనెందుకు ఆగాలి?" అని ఒకరు. "మనిషన్నాక ఆగాలి కదబ్బా" అని ఇంకొకరు. నేను సైకిళ్లు బాగుచేసి బతికేవాణ్ణి. రేసుల్లో అప్పుడప్పుడు తొక్కుతాను, ఎక్కువసార్లు అందరి వెనకా స్వీప్‌గా వస్తాను. అంటే దారిలో ఆగిపోయినవాళ్లంతా చివరికి నాకే తగులుతారు. ఆ తగువులో రెండు పక్కలా వినబడే మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో రాస్తున్నాను.

అపోహ: రేసులో పక్కవాడికి సాయం చెయ్యడానికి రూల్సు ఒప్పుకోవు.

వాస్తవం: అది ఏ రేసు అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధనల కింద నడిచే క్రాస్ కంట్రీ ఎంటీబీ పోటీల్లో బండికి సాయం తీసుకోవాలంటే తిండికి, రిపేర్లకు అని గుర్తు పెట్టిన ఫీడ్, టెక్నికల్ జోన్‌లోనే తీసుకోవాలి. జోన్ బయట ఒకే టీమువాళ్లు, ఒకే దేశపు జట్టువాళ్లు ఒకరికొకరు సాయపడొచ్చు. వేరే టీమువాడు చెయ్యి వెయ్యకూడదు. సైకిల్ పోటీల్లో ఈ పట్టింపు ఈనాటిది కాదు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో టూర్మలే కొండ మీద యూజీన్ క్రిస్టోఫ్ అనే రేసరు బండి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) విరిగింది. ఆయన బండిని మోసుకుంటూ 10 కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తన చేతులతోనే అతుకు వేసుకున్నాడు. కొలిమి తిత్తి మాత్రం ఒక పిల్లాడు ఊదాడు. అంత మాత్రానికే 10 నిమిషాల పెనాల్టీ వేశారు, తర్వాత దాన్ని తగ్గించారు.

మన దగ్గర క్లబ్బులవాళ్లు ఆదివారం పొద్దున పెట్టుకునే రేసులు యూసీఐ రూల్సు పుస్తకం పట్టుకుని నడవవు. నిర్వాహకులు చెప్పిందే రూలు. రేసుకు ముందు రూల్సు చెప్పే బ్రీఫింగ్‌లో "దారిలో ఒకరికొకరు ట్యూబు ఇచ్చుకోవచ్చా?" అని అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. అక్కడ నోరు తెరవనివాళ్లే టిఫిన్ దగ్గర గట్టిగా వాదిస్తారు. బహుమతి డబ్బున్న రేసైతే తప్పకుండా అడగండి, మీరు ఇచ్చిన ట్యూబు వల్ల అవతలివాడి ఫలితం పోకూడదు. ఇదంతా బండి గురించే. దెబ్బ తగిలినవాడి దగ్గర ఆగొద్దనే రూలు మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

అపోహ: సిద్ధం కాకుండా వచ్చినవాడికి సాయం చేస్తే వాడికెప్పటికీ బుద్ధి రాదు.

వాస్తవం: ఈ మాట నేనూ ఒప్పుకునేవాణ్ణే, దారిలో ఆగినవాళ్ల సంచులు విప్పి చూడకపోయి ఉంటే. ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు లేరని కాదు. "ఎవరో ఒకరు ఇస్తారులే" అనుకుని నీళ్ల బాటిల్ ఒక్కటే పెట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి రేసులోనూ ఉంటారు. కానీ ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది వాళ్లు కారు. సంచిలో ట్యూబు ఉంటుంది, అది ఆ బండికి పట్టదు. సన్న వాల్వుకు తొలిచిన రిమ్ములోకి లావు వాల్వు దూరదు. ఒకడికి పంపుంటుంది, దాని మూతి వేరే వాల్వుది. ఇంకొకడి దగ్గర అన్నీ ఉంటాయి, వెనక చక్రం ఇరుసు విప్పే ఆలెన్ కీ తప్ప. బండి అమ్మేటప్పుడు షాపువాడు హెల్మెట్టు, లైటు, స్టాండు అన్నీ అంటగడతాడు. "నీ టైరు సైజు ఇదీ, నీ వాల్వు ఇదీ" అని మాత్రం చెప్పడు. నా వృత్తివాళ్ల గురించే అంటున్నాను, కోపం వచ్చినా సరే.

అన్నీ సరిగ్గా తెచ్చుకున్నా ఒక్కోసారి చాలదు. మన దగ్గర చెరువు కట్టల మీద, మామిడి తోపుల పక్క బండిబాటల్లో సర్కారు తుమ్మ ముళ్లు ఎట్లా ఉంటాయో తొక్కేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండాకాలమైతే పల్లేరు కాయలు కూడా తోడవుతాయి. రెండు ట్యూబులు తెచ్చుకుని, రెండూ పోయి, మూడో పంచరుకు నిలబడినవాణ్ణి చూసి "ప్రిపరేషన్ లేదు" అనడం అన్యాయం. పక్క నుంచి దూసుకుపోతూ చూసే ఆ ఒక్క క్షణంలో వాడు సోమరో, దురదృష్టవంతుడో మీకు తెలిసే దారే లేదు.

బుద్ధి చెప్పాలంటే దానికి స్టార్ట్ లైన్ ఉంది. రేసుకు ముందు ఒక వాలంటీరు నిలబడి "ట్యూబు చూపించు, పంపు చూపించు, చైను లింకు చూపించు" అని అడిగి, లేనివాణ్ణి పక్కన పెడితే, మరుసటి రేసుకు ఊరంతా సర్దుకుంటుంది. ఈ పని చెయ్యని నిర్వాహకులు ఆ భారాన్ని తొక్కేవాళ్ల మీదికి తోస్తున్నారు.

అపోహ: సాయం చెయ్యడమంటే ఆగి మొత్తం రిపేరు చేసిపెట్టడం.

వాస్తవం: తగువంతా ఈ లెక్కలోనే ఉంది. వేగం తగ్గించి "ఏమైందన్నా, అన్నీ ఉండాయా?" అని అడగడం కూడా సాయమే, దానికి పట్టేది మూడు నాలుగు సెకన్లు. సగంమంది "ఉండాయి, నువ్వు పోన్నా" అంటారు. మిగతా సగంలో చాలామందికి కావలసింది ఒక మాట. వస్తువు కావలసినవాళ్లు తక్కువ, మీ చేతులు కావలసినవాళ్లు ఇంకా తక్కువ.

చైను తెగడమే తీసుకోండి. చైను టూలు (లింకు పిన్ను తోసే పనిముట్టు), క్విక్ లింకు (రెండు సగాలుగా వచ్చి కలిసిపోయే లింకు) చేతిలో పెట్టుకుని కూడా బిక్కమొహం వేసుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. అప్పుడు చెప్పాల్సింది ఇంతే. పగిలింది బయటి పలక. దాన్ని పూర్తిగా ఊడదీసెయ్, రెండు కొసల్లోనూ లోపలి లింకులే మిగలాలి. క్విక్ లింకు చెరో సగం చెరో కొసలో దూర్చి కలుపు. ఇప్పుడు పెడల్ తిప్పి ఆ లింకును చైను పైభాగంలోకి తెచ్చుకో. వెనక బ్రేకు గట్టిగా పట్టి పెడల్ మీద ఒక్క తొక్కు తొక్కు. టక్కుమంటే కూర్చున్నట్టు. వంకరపోయిన లింకులు ఇంకా తీయాల్సి వస్తే చైను పొట్టిదవుతుంది కాబట్టి, వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రంలోకి గేరు వెయ్యొద్దు. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. మీరు కూర్చుని చేసిపెడితే ఐదు నిమిషాలు పోతాయి, పైగా వాడికి ఏమీ రాదు.

పంచరులోనూ అంతే. కొత్త ట్యూబు ఇచ్చేముందు నేను అడిగే మాట ఒక్కటే: "ముల్లు దొరికిందా?" సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగి, బయట కొస విరిగిపోతుంది. పైనుంచి చూస్తే టైరు శుభ్రంగా ఉంటుంది. గాలి కొట్టి బరువు పడగానే లోపలి మొన పైకి లేచి కొత్త ట్యూబును కూడా పొడుస్తుంది. టైరు లోపల వేలు పెట్టి తడమొద్దు, వేలు చీరుకుంటుంది. గ్లౌజు గానీ గుడ్డపీలిక గానీ లోపల చుట్టూ జరిపితే ముల్లున్న చోట నూలు పట్టుకుంటుంది. ముల్లు తీయకుండా వేసిన ట్యూబు రెండు మలుపులు కూడా తిరగదు. అప్పుడు మీ ట్యూబూ పోయింది, మీ మంచితనమూ పోయింది.

అపోహ: ఉన్న ఒక్క ట్యూబూ ఇచ్చేసేవాడే నిజమైన క్రీడాకారుడు.

వాస్తవం: నేను ఇవ్వను. రెండుంటే ఒకటి ఇస్తాను. ఆఖరిది ఇవ్వాలంటే ఫినిష్ నడిచిపోగలిగేంత దగ్గరైనా ఉండాలి, అవతలివాడు నడవలేని స్థితిలోనైనా ఉండాలి. లేకపోతే ముందున్న ముళ్లబాటలో నేనూ ఆగుతాను, ఒకడు ఆగాల్సిన చోట ఇద్దరు ఆగుతారు. ఇది స్వార్థమంటే అననీండి.

ఇచ్చేటప్పుడు ఏది ఇస్తే తగ్గేది తక్కువో చూడండి. పంపు ఉంటే పంపే ఇవ్వండి. టైరులో గాలి నింపే 16 గ్రాముల బుల్లి గ్యాసు సిలిండరు ఒక్కసారికే, అలవాటు లేనివాడి చేతిలో అది చక్రంలోకి పోకుండా గాల్లోకి పోతుంది. పంపు చేతిలో పెట్టి "ఫినిష్ దగ్గర ఇచ్చెయ్" అని మీ దారిన మీరు పోవచ్చు. ట్యూబు సైజులు కొంచెం సర్దుబాటు అవుతాయి. 27.5 అంగుళాల చక్రం ట్యూబు సాగి 29 అంగుళాల టైరులో పని చేస్తుంది. 29 ట్యూబును చిన్న చక్రంలో కుక్కితే మడతలు పడి మళ్లీ పగులుతుంది. టైరే చీలిపోతే ట్యూబు ఒక్కటే ఇచ్చి లాభం లేదు, చీలిక లోపల ఏదో ఒక గట్టి ముక్క పెట్టాలి. పాత టైరు ముక్క మంచిది, లేకపోతే ఖాళీ టూత్‌పేస్టు గొట్టం కోసి మడిచినా ఇల్లు చేరుస్తుంది. క్విక్ లింకు దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. 10 స్పీడు (వెనక పది పళ్లచక్రాలున్న బండి) చైను లింకు 12 స్పీడు చైనుకు పనికిరాదు.

అపోహ: ఖరీదైన బండికి దారిలో ఏమీ కాదు.

వాస్తవం: ఖరీదైన బండిలో కూడా, గేరు డిరైలర్‌ను (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్‌ను మెత్తగా చెయ్యడమే కావాలని. రాయి తగిలితే ఫ్రేము బదులు అది వంగాలి, విరగాలి. దాని ఆకారం చాలా బండ్లలో వేరువేరు కాబట్టి దారిలో ఎంత మంచివాడు ఆగినా మీ హ్యాంగర్ ఆయన దగ్గర ఉంటుందని నమ్మలేం. ఆరు అంగుళాలు కూడా లేని ఆ ముక్కను ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అది లేకపోతే డిరైలర్ తప్పించి, చైను పొట్టిచేసి ఒకే గేరులో నడిపించే ఉపాయం ఉంది. వెనక సస్పెన్షన్ లేని బండికే అది మేలు. వెనక కూడా ఊగే బండిలో చైను బిగుతు మారుతూ ఉంటుంది, అందుకే ఆ అతుకు నిలవదు.

అపోహ: దారిలో ఊళ్లుంటాయి, పంచరు షాపులుంటాయి.

వాస్తవం: ఉంటాయి. కానీ అక్కడి మోటారు పంపు మూతి మీ సన్న వాల్వుకు పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టరు వాల్వుకు తొడిగి ఉంచుకోండి. షాపు సాయం బయటి సాయం కిందికి వస్తుందో లేదో కూడా బ్రీఫింగ్‌లోనే అడగాలి.

అపోహ: ముందున్నవాళ్లు ఆగక్కర్లేదు, వెనక స్వీప్ వస్తాడు కదా.

వాస్తవం: బండి పాడైతే ఈ మాట చాలావరకు సరే. పోడియం కోసం తొక్కేవాడు పంచరైన ప్రతి బండి దగ్గరా ఆగాలని నేను అనను. ఆగకపోయినా, తర్వాతి మార్షల్ పాయింట్ (దారిలో నిర్వాహకుల మనిషి నిలబడే చోటు) దగ్గర వాడి బిబ్ నంబరు (రేసులో వాడికిచ్చిన నంబరు), ఏ చోట ఆగాడో అరిచి చెప్పి పొండి. శేషాచలం లోయల్లో ఫోను సిగ్నలు పోయే చోట్లున్నాయి, మీ అరుపే అక్కడి నుంచి వచ్చే ఒక్క కబురు.

మనిషి పాడైతే ఈ మాట చెల్లదు. చెట్టు కింద కూర్చున్నవాణ్ణి పేరు, బిబ్ నంబరు అడగండి. మాట తడబడినా, పొంతన లేని జవాబు వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ అనుకోండి. మన ఎండల్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నీడకు చేర్చి, హెల్మెట్టు తీసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. 108కి, నిర్వాహకులకు కబురు పంపండి. అక్కడితో మీ రేసు అయిపోయినా సరే.

పొద్దు కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి బండి తోసుకుంటూ నడవడం వేరు, చీకటి పడే వేళ అడవి అంచున నడవడం వేరు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల ఏనుగులు పొలాల్లోకి దిగుతాయి. 2023లో అలిపిరి నడకదారిలోనే చిరుత దాడికి ఒక చిన్నపాప ప్రాణం పోయింది. సాయంత్రం అట్లాంటి చోట ఎవడైనా ఒంటరిగా నిలబడి ఉంటే, వాడు ట్యూబు తెచ్చాడా లేదా అనే విచారణ రేపు పెట్టుకోవచ్చు. వెంటబెట్టుకుని రోడ్డెక్కించండి.

అపోహ: ఎట్లాగైనా బండి కదిలేట్టు చేసి పంపిస్తేనే సాయం చేసినట్టు.

వాస్తవం: బ్రేకు పోయినవాణ్ణి దిగుడులోకి పంపడం సాయం కాదు. ఆయిల్ కారి లివరు చేతికి ఆనుతున్నా, ప్యాడు అరిగి ఇనుము రోటర్‌ను (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) గీస్తున్నా, "దిగి నడిపించుకో" అని చెప్పండి. వినకపోతే మార్షల్‌కు చెప్పండి. తిట్టుకుంటాడు, తిట్టుకోనీండి.

అపోహ: ఇచ్చిన ట్యూబు తిరిగి అడగడం చిన్నతనం.

వాస్తవం: అడగండి. పంపైతే టేపు మీద మీ బిబ్ నంబరు రాసి ఉంచుకోండి, ఫినిష్ దగ్గర వాడే వెతుక్కుంటూ వస్తాడు. ట్యూబుకు మాత్రం "ఎంతన్నా?" అని జేబులో చెయ్యి పెడతారు. నేను డబ్బు తీసుకోను. అదే సైజు, అదే వాల్వు ఉన్న ట్యూబు కొని తెచ్చివ్వమంటాను. షాపుకు పోయే ముందు చాలామంది అక్కడే బండి పక్కకు వంచి, టైరు గోడ మీది అంకెలు మొట్టమొదటిసారి చదువుకుంటారు.