చదునైన దారి, సులువైన రైడ్? చిత్తడి నేలల్లో గ్రావెల్ రైడ్: అపోహలు - వాస్తవాలు

చిత్తడి నేలల అభయారణ్యాల్లో గ్రావెల్ రైడ్‌లకు, అంటే కంకర, మట్టి దారుల్లో చేసే సైకిల్ ప్రయాణాలకు, రూట్లు వేయడం నేను చాలాకాలంగా చేస్తున్న పని. కొత్తగా వచ్చేవాళ్లు ఎన్ని కిలోమీటర్లు, ఏ టైరు, ఎంత ఎత్తు ఎక్కాలి అని అడుగుతారు. నేను మాత్రం ముందు రెండు విషయాలు కనుక్కుంటాను: ఇప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, పక్షులు ఎక్కడ గూళ్లు పెట్టాయి. ఇవి తెలియకుండా గీసిన రూట్ ఫోన్ తెర మీదే బాగుంటుంది.

అపోహ: ఎత్తు ఎక్కే పని లేదు కాబట్టి రైడ్ సులువు.

కొండదారిలో ఎక్కినంతసేపు ఆయాసపడినా, దిగేటప్పుడు కాళ్లకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. చిత్తడి నేలల్లో మనం తొక్కే గట్టు మీద ఆ వీలుండదు. తొక్కడం ఆపితే కంకరలో బండి కాసేపట్లోనే ఆగిపోతుంది. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడంతో నడుము, అరచేతులు ముందు మొరాయిస్తాయి. పది నిమిషాలకోసారి లేచి నిలబడి తొక్కమని అందరికీ చెబుతుంటాను.

అంతకన్నా పెద్ద పరీక్ష గాలి. గట్టు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తుగా ఉంటుంది, చెట్ల అడ్డం ఉండదు. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, ఎదురుగాలి కూడా 20 ఉందనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగు రెట్లు పెరుగుతుంది. అందుకే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి ఉండేలా రూట్ తిప్పుతాను. తారు రోడ్డు మీద గంటకు 25 తొక్కేవాళ్లకు ఇక్కడ 15 మాత్రమే లెక్క వేస్తాను.

అపోహ: యాప్‌లో ట్రాక్ కనిపిస్తోందంటే దారి ఉన్నట్టే.

ఎవరో ఎండాకాలంలో తొక్కిన ట్రాక్ అది. ఆ రోజు నేల ఎండిపోయి ఉండొచ్చు. అక్కడ సైకిళ్లకు అనుమతి లేకపోయినా ఆయన వెళ్లి ఉండొచ్చు. ఎక్కువమంది వెళ్లిన దారిని హీట్‌మ్యాప్ వెలిగించి చూపిస్తుంది గానీ, వాళ్లు వెళ్లొచ్చో లేదో, ఇప్పుడక్కడ నేల ఉందో నీరు ఉందో చెప్పదు.

నేను సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూస్తాను. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. దాదాపు ఐదు రోజులకోసారి ఒకే చోటి చిత్రం వస్తుంది, 10 మీటర్ల వివరం దాకా కనిపిస్తుంది. పరారుణ కాంతిని నీరు పీల్చుకుంటుంది కాబట్టి, ఆ కాంతిలో తీసిన చిత్రం చూస్తే నీళ్లున్న చోటు నల్లగా కనిపిస్తుంది. మబ్బు లేని చివరి రెండు మూడు చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని, దారి గీత ఎక్కడ తెగిందో వెతుకుతాను.

ఆ తర్వాత తప్పకుండా అభయారణ్యం ఆఫీసుకు ఫోన్ చేస్తాను. సైకిళ్లకు ఏ దారుల్లో అనుమతి ఉంది, ఏ గేట్లు మూసి ఉన్నాయి, నీటిమట్టం మార్చే పనులేమైనా జరుగుతున్నాయా అని అడుగుతాను. చాలా చిత్తడి నేలల్లో పక్షుల కోసం తూముల ద్వారా నీళ్లు పెట్టడం, తీయడం మామూలే. అంటే చుక్క వాన లేకపోయినా దారి మునగొచ్చు.

ఒకసారి ఈ ఫోన్ చేయకుండా బయల్దేరాను. 18 కిలోమీటర్లు వెళ్లాక తాళం వేసిన గేటు ఎదురైంది. ఇటు కాలువ, అటు కాలువ. ఆ 18 కిలోమీటర్లూ ఎండలో వెనక్కి తొక్కాలి, సీసాలో మిగిలింది నాలుగు గుక్కలు. నాతో వచ్చినవాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటినుంచి రూట్‌లో ముందుగా గుర్తు పెట్టేది, గట్టు దిగి రోడ్డెక్కగలిగే చోట్లే.

సముద్రం ఒడ్డు చిత్తడి నేలలైతే పోటు, పాటు కూడా చూడాలి. చాలా తీరాల్లో రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న ఎనిమిదింటికి తేలిన దారి ఇవాళ ఎనిమిదింటికి ఇంకా నీళ్లలోనే ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు మరీ ఎక్కువ. ఆ రోజుల్లో పల్లపు దారుల జోలికి పోను.

అపోహ: టైర్లో గాలి గట్టిగా కొడితే పంక్చర్ కాదు, వేగమూ వస్తుంది.

గట్టి టైరు కంకర మీద ఎగురుతుంది, మెత్తటి మట్టిలో దిగబడుతుంది. 40 నుంచి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరు, లోపల చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం, గాలి 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి మీ బరువును బట్టి సర్దుకోండి. దీని గురించి ఇంతకన్నా టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: బురద వస్తే పక్కన గడ్డి మీదుగా వెళ్లిపోవచ్చు.

దయచేసి వెళ్లొద్దు. ఒకరు పక్కకు తప్పుకుంటే వెనకాల వచ్చేవాళ్లూ అక్కడినుంచే వెళ్తారు. దారి వెడల్పవుతూ గూళ్లుండే గడ్డిని తినేస్తుంది. గడ్డి కింద గట్టు అంచు ఎక్కడ తెగిందో కూడా కనబడదు. మీ చక్రం లోతుగా గాడి చేస్తోందంటే, వెనక్కి తిరగమని నేల చెబుతున్నట్టే. తర్వాతి వానకు నీళ్లు ఆ గాడిలోనే పారి గట్టును కోస్తాయి. రేగడి మట్టయితే మీరు వెళ్దామన్నా వెళ్లలేరు, ఫోర్కుకూ టైరుకూ మధ్య పిండిముద్దలా పట్టేసి చక్రమే తిరగదు.

అపోహ: సైకిల్ చప్పుడు చేయదు, పక్షులకు ఇబ్బంది లేదు.

చప్పుడు లేకపోవడం వల్లే పక్షి మనల్ని ఆఖరి నిమిషంలో చూసి ఉలిక్కిపడి లేస్తుంది. వలస పక్షికి మేత మేసే సమయం, ఒంట్లో కొవ్వు రెండూ విలువైనవే. ఊరికే లేచిన ప్రతిసారీ రెండూ ఖర్చవుతాయి. గుంపు కనబడితే దూరంలోనే వేగం తగ్గించి, మాట్లాడుకుంటూ నెమ్మదిగా వెళ్లండి. తలలెత్తి మెడలు నిక్కించాయంటే అక్కడే ఆగిపోండి.

ఒక తీతువును మరిచిపోలేను. గట్టు మీద వెళ్తుంటే తల మీదే అరుస్తూ, మళ్లీ మళ్లీ దూసుకొచ్చింది. బ్రేకు వేసి కిందకు చూశాను. ముందు చక్రానికి జానెడు దూరంలో, కంకర మధ్య చిన్న గుంట. అందులో నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టి ఉన్నాయి. మట్టిరంగు మీద నల్ల మచ్చలు, పక్కనున్న రాళ్లకూ వాటికీ తేడా తెలియలేదు. మనం గ్రావెల్ అని సంబరపడే నేలే దానికి గూడు. బండి ఎత్తుకుని వచ్చిన జాడలోనే వెనక్కి నడిచాం. గూళ్ల కాలంలో దారులు మూసేస్తే చిరాకు పడేవాళ్లకు ఇదే చెబుతాను.

అపోహ: చుట్టూ నీళ్లేగా, ఫిల్టర్ ఉంటే చాలు.

నిలవ నీటిలో పెరిగే నీలి-ఆకుపచ్చ నాచు కొన్నిసార్లు విషాలు వదులుతుంది. మరిగించినా ఆ విషాలు పోవు, మామూలు ఫిల్టర్‌ను నమ్మలేం. తాగే నీళ్లన్నీ వెంట మోసుకెళ్లాల్సిందే.

అపోహ: బైక్ కడగడం ఇంటికొచ్చాక చేసే పని.

వెళ్లే ముందు కడగడం ఇంకా ముఖ్యం. టైరు గాడుల్లోని మట్టి వేరే చోటి కలుపు విత్తనాల్ని మోసుకొస్తుంది. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు ఉంది. ప్రపంచవ్యాప్తంగా కనీసం 500 ఉభయచర జాతులు తగ్గిపోవడానికి అదే కారణమని 2019లో పరిశోధకులు లెక్కగట్టారు. తడి మట్టితో అదీ ప్రయాణిస్తుంది, పూర్తిగా ఎండితే బతకదు. అందుకే రైడ్ ముగిశాక అక్కడే పుల్లతో గాడులు గీకి, బూట్ల అడుగులు దులిపి బయల్దేరతాను. ఇంటికెళ్లి కడిగి ఎండలో పెడతాను. సీటు కింద, మడ్‌గార్డ్ లోపల కూడా తడి లేదని చేత్తో తడిమి చూసుకున్నాకే మరో చిత్తడి నేలకు ఆ బైక్ తీస్తాను.