ఇంట్లో తెలుగు మానేస్తే బిడ్డకు మాటలు వస్తాయా? అమెరికాలో వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను ఉత్తర టెక్సాస్‌లోని ప్రభుత్వ పాఠశాలల్లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మూడేళ్లు నిండిన బిడ్డకు మాటలు సరిగా రావడం లేదన్న అనుమానం కలిగితే, పరీక్షించి చెప్పే బాధ్యత మా వంటివారిది. తెలుగు కుటుంబాలు వచ్చినప్పుడు నేను తరచుగా వినే మొదటి మాట, "ఇంట్లో తెలుగు మానేశామండీ, ఇప్పుడు ఇంగ్లీషే మాట్లాడుతున్నాం" అన్నదే. ఎవరు మానెయ్యమన్నారని అడిగితే ఒకరు పిల్లల డాక్టరు అంటారు, ఇంకొకరు డేకేర్‌లో టీచరు అంటారు, మరొకరు పక్కవీధి తెలుగువాళ్లే అంటారు. చెప్పినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, ఆ సలహాకు ఆధారం లేదు.

అపోహ: రెండు భాషలు వినిపిస్తే పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి.

ఆలస్యంగా రావు. మాటల్లో నిజంగా ఇబ్బంది ఉన్న బిడ్డకు ఆ ఇబ్బంది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒక భాషను తీసేసినంత మాత్రాన రెండోది బాగుపడదు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ సలహా మరింత గట్టిగా ఇస్తుంటారు గాని, రెండు భాషలు వారికి చెరుపు చేస్తాయని పరిశోధనల్లో తేలలేదు. అసలు పొరపాటు లెక్కపెట్టడంలో జరుగుతుంది. "బువ్వ, లాల, నీళ్లు" అని తెలుగులోనూ, "బాల్, షూస్, మోర్" అని ఇంగ్లీషులోనూ అనే బిడ్డకు ఆరు మాటలు వచ్చు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు వాటిని మూడుగా లెక్కపెట్టి, బిడ్డ వెనకబడ్డాడని తేల్చేస్తారు.

కొంతకాలం క్రితం నాలుగేళ్లు నిండని ఒక బాబు నా దగ్గరికి వచ్చాడు. చీపురు బొమ్మ చూపితే "చీపురు" అన్నాడు, ఒక అమ్మాయి ఇల్లు ఊడుస్తున్న బొమ్మ చూపితే "ఊడుస్తోంది" అన్నాడు. అంతకుముందు వేరేచోట తెలుగు తెలియనివారు చేసిన పరీక్ష కాగితంలో అవే బొమ్మల ఎదుట "అర్థం కాని శబ్దాలు" అని రాసి సున్నాలు వేసి ఉన్నాయి. "ఊడుస్తోంది" అన్న ఆ ఒక్క మాటలో ఏ పని జరుగుతోందో ఉంది, అది ఇప్పుడే జరుగుతోందన్న సంగతి ఉంది, చేస్తున్నది మగవాడు కాదన్న గుర్తు కూడా ఉంది. నాలుగేళ్లు నిండని బిడ్డ అంత వ్యాకరణాన్ని ఒక్క మాటలో సరిగ్గా పలికితే, దానికి సున్నా వేశారు.

ఆ బాబుతో వాళ్ల నాయనమ్మగారు కూడా వచ్చారు. గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన ఆవిడకు ఇంగ్లీషు రాదు. తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళితే సాయంత్రం దాకా బాబును చూసుకునేది ఆవిడే. "నోరు మూసుకుని అన్నం కలిపి పెడుతున్నానమ్మా, నేనేం మాట్లాడితే వాడికేం చెరుపో అని" అన్నారు. అంటే, "ఇదిగో పప్పు, కాలుతోంది, ఊదుకో" అంటూ రోజంతా బిడ్డ చెవిన పడవలసిన మాటలన్నీ ఆగిపోయాయి, వాటి స్థానంలో ఇంగ్లీషు రాలేదు సరికదా, నిశ్శబ్దం వచ్చింది. మాటలు ఆలస్యమవుతున్నాయని దిగులుపడే ఇంట్లో ఇంతకంటే తప్పు మందు లేదు.

ఈ అపోహకు పాత చరిత్ర ఉంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాకు వలస వచ్చినవారి పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్షలు పెట్టి, తక్కువ మార్కులు వస్తే ఆ తప్పును వాళ్ల ఇంటి భాష మీదికి నెట్టారు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే పరిశోధకులు కుటుంబాల ఆర్థిక స్థితిని కూడా లెక్కలోకి తీసుకుని, రెండు భాషలూ బాగా వచ్చిన పదేళ్ల పిల్లలను ఒకే భాష వచ్చిన పిల్లలతో పోల్చి చూసినప్పుడు, రెండు భాషల పిల్లలే మెరుగ్గా చేశారు.

అపోహ: ఒకే వాక్యంలో తెలుగు, ఇంగ్లీషు కలిపేస్తున్నారంటే పిల్లలు తికమకపడుతున్నట్టే.

"నేను జంప్ చేశాను" అన్న బిడ్డ ఇంగ్లీషు మాటను తెచ్చి తెలుగు వ్యాకరణంలో పొందికగా కూర్చాడు. తికమక ఉంటే ఆ పొందిక రాదు. "లేట్ అవుతోంది, షూస్ వేసుకో" అని మనం పొద్దున్నే అంటున్నదీ అదే కదా.

అపోహ: ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడకపోతే బడిలో వెనకబడతారు.

బడి, టీవీ, ఆటస్థలం, స్నేహితులు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్న దేశంలో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇంగ్లీషు రాకుండా పోవడం నేను చూడలేదు. కొత్తగా బడిలో చేరిన కొందరు పిల్లలు కొన్ని నెలలు పెదవి విప్పకుండా వింటూ ఉంటారు, అది సహజమైన దశ. జారిపోయేది ఎప్పుడూ ఇంటి భాషే. కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడాదికే "అర్థమవుతుంది గాని తిరిగి మాట్లాడడండీ" అనే తల్లులు నాకు ఎందరో తెలుసు. చదవడం, కథ చెప్పడం, కారణం వివరించడం వంటి నైపుణ్యాలు ఒక భాషలో కుదిరితే రెండో భాషకు ఊతమిస్తాయి. అందుచేత తల్లి తనకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా చెప్పే కథ, తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లీషు కంటే బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది.

అపోహ: అమెరికాలో ఇంగ్లీషు తప్ప వేరే భాషకు చట్టంలో చోటు లేదు.

2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చిన తర్వాత ఈ మాట మరింత వినిపిస్తోంది. అంతవరకు సమాఖ్య స్థాయిలో ఈ దేశానికి అధికార భాష అన్నదే లేదు. భాషా సేవలకు సంబంధించి 2000లో వచ్చిన పాత ఉత్తర్వును ఇది రద్దు చేసింది గాని, ఇతర భాషల్లో అందిస్తున్న సేవలను ఆపాలని శాఖలను ఆదేశించలేదు. పైగా ఉత్తర్వుతో కాంగ్రెస్ చేసిన చట్టాలు చెరిగిపోవు. ఇంట్లో ఏ భాష మాట్లాడుకోవాలో చెప్పే అధికారం ఎవరికీ లేదు. నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరే ఆధునిక భాషా నేర్పకూడదని చట్టం చేసి, పదేళ్ల పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పిన రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి 25 డాలర్ల జరిమానా వేస్తే, 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టివేసింది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ విద్యార్థుల కేసులో, ఇంగ్లీషు రాని పిల్లలను సాయం చేయకుండా తరగతిలో కూర్చోబెట్టడం సమానత్వం కాదని అదే కోర్టు చెప్పింది.

చట్టం ఒకటైతే భయం ఒకటి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల జాతి విద్వేషానికి బలై హత్యకు గురైన తర్వాత, బయట మాతృభాషలో మాట్లాడకపోవడమే మంచిదన్న హెచ్చరికలు మన సంఘాల నుంచే వచ్చాయి. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కిరాణా కొట్టులో గొంతు తగ్గించుకునే తల్లిని తప్పు పట్టను. అయితే అమ్మ ఎక్కడ మాట మింగేస్తోందో పక్కనున్న బిడ్డ గమనిస్తాడు, మన భాష దాచుకోవలసినదేమోనని అనుకుంటాడు. కనీసం ఇంటి నాలుగు గోడల మధ్య, కారులో, ఫోనులో ఆ గొంతు తగ్గకూడదని నా విన్నపం.

బడిలో పరీక్షకు పిలుపు వస్తే కొన్ని పనులు తప్పక చేయండి. ప్రత్యేక విద్య చట్టం ప్రకారం, వీలుకాదని స్పష్టంగా తేలితే తప్ప, బిడ్డను అతని సొంత భాషలోనే పరీక్షించాలి. ఇంగ్లీషు రాకపోవడమే కారణంగా లోపం ఉందని ముద్ర వేయకూడదు. సమావేశానికి తెలుగు దుభాషి కావాలని ముందుగానే రాతపూర్వకంగా అడగండి. పెద్ద బిడ్డను దుభాషిగా కూర్చోబెట్టకండి. రావడానికి ముందు ఒక వారం పాటు బిడ్డ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ, ముద్దు మాటలతో సహా, ఎప్పుడు ఎవరితో అన్నాడో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. నాయనమ్మ, అమ్మమ్మ ఇంట్లో ఉంటే వాళ్లనే రాయమనండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులోకి మార్చుకునే పని మాది.