కొత్త చేతుల్లో గాలిదారి

జనరల్ అనస్థీషియాను నిద్ర అంటాం కానీ అది మామూలు నిద్ర కాదు. దవడ వదులైపోతుంది, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. కండరాలను సడలించే మందు కూడా ఇస్తే ఊపిరే ఆగిపోతుంది. అక్కడినుంచి గాలికి దారి చూపాల్సింది రోగి తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరే. ఆ డాక్టర్ పనికి కొత్తయితే ఎలా? ఈ ప్రశ్న మత్తువైద్యం పుట్టిన నాటినుంచీ ఉంది.

1846లో బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు ప్రయోగం జరిగాక చాలా ఏళ్లపాటు మత్తు ఇచ్చే పనిని తరచూ ఆసుపత్రిలో అందరికన్నా జూనియర్‌కో, విద్యార్థికో వదిలేసేవారు. గొట్టం వేయడం తర్వాత వచ్చింది. 1878లో గ్లాస్గోలో విలియం మాక్యూయెన్ అనే సర్జన్ వేళ్లతో తడుముకుంటూ నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం దింపాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో, ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఆపరేషన్లు చేసేటప్పుడు మాగిల్, రోబోథమ్ అనే మత్తు డాక్టర్లు ఈ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లారు. కత్తి పడేది ముఖం మీదే కాబట్టి అక్కడ మాస్క్ పెట్టే వీల్లేదు. 1943లో గొంతులోకి చూసే పరికరమైన లారింగోస్కోప్‌కు మాకింటోష్ వంపు బ్లేడ్ వచ్చింది. స్వరపేటికను కళ్లతో చూస్తూ ట్యూబ్ వేయడం కొంత సులువైంది.

సులువైందంటే వెంటనే వచ్చేస్తుందని కాదు. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, కొత్త డాక్టర్లు 90 శాతం సార్లు ట్యూబ్ సరిగ్గా వేయగలిగే స్థాయికి రావడానికి సగటున 57 ప్రయత్నాలు పట్టాయి. ఆ 57 సార్లూ బల్ల మీద ఉన్నది ఒక మనిషి. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే.

అందుకే లండన్‌లో ఆర్చీ బ్రెయిన్ అనే మత్తు డాక్టర్ చేసిన పని అంత పెద్ద మార్పు తెచ్చింది. ట్యూబ్‌ను శ్వాసనాళంలోకి తోయకుండా, స్వరపేటిక మీద చిన్న మాస్క్‌లా కూర్చునే పరికరం ఎందుకు ఉండకూడదని ఆయన ఆలోచించాడు. 1981లో మొదటిసారి వాడాడు, 1983లో ప్రచురించాడు, 1988లో అది బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. లారింగోస్కోప్ అక్కర్లేదు. ట్యూబ్ వేయడం రానివాళ్లు కూడా కొద్దిపాటి శిక్షణతో దీన్ని వేయగలిగారు. అప్పటికే ప్రొపోఫాల్ అనే మత్తుమందు రావడంతో గొంతు ప్రతిఘటన తగ్గి, మాస్క్ ఇంకా తేలిగ్గా దిగేది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. లోపలికి దిగడం ఒకటి, సరిగ్గా కూర్చోవడం ఇంకొకటి. మాస్క్ కొస మడత పడవచ్చు, ఉపజిహ్విక (స్వరపేటిక పైనుండే మూత) కిందికి ముడుచుకుపోవచ్చు. మత్తు చాలినంత లోతుగా లేకపోతే స్వరతంత్రులు బిగుసుకుపోతాయి. పైగా కడుపులోంచి పైకి వచ్చే ద్రవాన్ని ట్యూబ్ ఆపినంతగా మాస్క్ ఆపలేదు. కాబట్టి ఎవరికి పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో తెలియడమే పెద్ద నేర్పు. అది చేతికి కాదు, బుద్ధికి రావాలి.

బ్రిటన్‌లో 2011లో వెలువడిన, గాలిదారి ప్రమాదాలపై జరిగిన జాతీయ ఆడిట్ ఈ సంగతిని బయటపెట్టింది. అక్కడ జనరల్ అనస్థీషియాలో సగానికి పైగా ఇలాంటి మాస్క్ పరికరాలతోనే నడుస్తున్నాయి. మాస్క్ వాడినప్పుడు జరిగిన తీవ్రమైన ఘటనల్లో చాలాసార్లు దాన్ని పెట్టకూడనివాళ్లకు పెట్టారు. బాగా లావుగా ఉన్న రోగులు, వాళ్లను చూసుకుంటున్న జూనియర్ ట్రైనీలు అందులో తరచూ కనిపించారు. నిర్ణయంలో పొరపాటు, శిక్షణలో లోపం ముఖ్య కారణాల్లో నిలిచాయి.

అలాగని తప్పంతా కొత్తవాళ్ల మీదకు నెట్టడం న్యాయం కాదు. 2005లో బ్రిటన్‌లోనే ఎలేన్ బ్రోమిలీ అనే మహిళ మామూలు ఆపరేషన్‌కు వెళ్లి చనిపోయినప్పుడు గదిలో ఉన్నది అనుభవజ్ఞులే. మాస్క్ కుదరలేదు, ట్యూబ్ పడలేదు, అయినా ట్యూబ్ ప్రయత్నాలు ఆగలేదు. పైలట్ అయిన ఆమె భర్త మార్టిన్ తర్వాత ఆపరేషన్ గదిలో మాట్లాడుకునే తీరు మీద పనిచేశారు. 2015 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు ట్యూబ్ ప్రయత్నాలకు, మాస్క్ ప్రయత్నాలకు కూడా మూడే హద్దు పెట్టాయి. ట్యూబ్ విషయంలో ఇంకొక్కటి, అదీ మరింత అనుభవం ఉన్నవారు వచ్చి చేయాలి.

ఇప్పుడు వీడియో లారింగోస్కోప్ ఉంటే జూనియర్ చూసే దృశ్యాన్నే పక్కనున్న సీనియర్ కూడా తెరపై చూడగలరు. మాస్క్‌ను మాత్రం ఇప్పటికీ ఎక్కువగా లోపల చూడకుండానే వేస్తారు. అది సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేవి ఛాతీ కదలిక, గాలి లీకయ్యే చప్పుడు, రోగి వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే మానిటర్ గీత. ఆ మూడింటినీ చదవడం జూనియర్‌కు నేర్పాలంటే సీనియర్ అదే గదిలో, చేతికందే దూరంలో ఉండాలి.