గన్ షాపులో దొంగ మీద చెయ్యేస్తే: అపోహలు, వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక గన్ షాపులో తొమ్మిదేళ్లుగా కౌంటర్ చూస్తున్నాను. పెళ్లిలోనో బతుకమ్మ దగ్గరో నా ఉద్యోగం ఏంటో తెలిసిందంటే మనవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది, "హెచ్‌1బీ మీద గన్ కొనుక్కోవచ్చా అన్నా?" (వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, తూటాలు కూడా దగ్గర ఉంచుకోకూడదు. దాని గురించి ఇంకోసారి రాస్తా.) రెండోది, "మీ షాపులో అందరి నడుముకీ గన్ ఉంటుంది కదా, దొంగ దొరికితే నాలుగు తగిలించరా?" ఇదంతా ఈ రెండో ప్రశ్నకి జవాబు. నేను లాయర్ని కాదు. మా షాపు లాయరు ఏటా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పేదీ నేను కళ్లారా చూసిందీ కలిపి రాస్తున్నాను. చట్టం అన్నచోటల్లా టెక్సస్ చట్టం అనుకోండి, పక్క రాష్ట్రానికి వెళ్తే లెక్క మారిపోతుంది.

అపోహ: గన్ షాపులో దొంగతనానికి ఎవడూ సాహసించడు.

రోజూ సాహసిస్తారు. తుపాకులు తాళం వేసిన గ్లాసు కేసులో ఉంటాయి కాబట్టి పోయేవి ఎక్కువగా మ్యాగజైన్లు (తూటాలు నింపి తుపాకీలో పెట్టేవి), కత్తులు, తూటాల డబ్బాలు, రెడ్ డాట్ సైట్లు (తుపాకీ మీద బిగిస్తే ఎర్ర చుక్కతో గురి చూపించేవి). రెడ్ డాట్ డబ్బా అరచేతిలో పడుతుంది, ధర వందల డాలర్లలో ఉంటుంది, హుడీ జేబులో వేస్తే ఉబ్బు కూడా కనిపించదు.

అపోహ: టెక్సస్‌లో దొంగని కాల్చినా కేసుండదు.

ఈ మాట నమ్మి జైలుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లని నేను కౌంటర్ అవతల చాలామందిని చూశాను. పుకారు గాలిలోంచి పుట్టలేదు. టెక్సస్ పీనల్ కోడ్ (శిక్షాస్మృతి) 9.42 సెక్షన్‌లో ఆస్తి కోసం ప్రాణాంతకమైన బలం వాడే వీలు నిజంగానే ఉంది. కానీ అది దోపిడీ, ఇంట్లో చొరబడటం, రాత్రిపూట దొంగతనం లాంటి వాటికి. అప్పుడు కూడా ఇంకే దారిలోనూ సొత్తు దక్కదనో, తక్కువ బలం వాడితే మీ ప్రాణం మీదికొస్తుందనో మీరు నమ్మి ఉండాలి, ఆ నమ్మకం సబబుగా ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి ఒకడు మ్యాగజైన్ జేబులో వేసుకుని బయటికి నడవడం ఇందులో ఎక్కడా ఇమడదు. సబబో కాదో తేల్చేది పన్నెండు మంది జ్యూరీ, అదీ మీ షాపు కెమెరా వీడియోనే ఆపి ఆపి చూస్తూ.

2018 అక్టోబర్‌లో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో ఒక ఆర్మీ సర్‌ప్లస్ (సైన్యం మిగులు సరుకు అమ్మే) షాపు యజమాని, ఆ ఊరి సిటీ కమిషనర్ కూడా ఆయనే, చిన్న గొడ్డలి తీసుకుని వెళ్లిపోతున్న మనిషిని గుమ్మం దగ్గర చొక్కా పట్టుకుని ఆపుతూ కాల్చేశాడు. మనిషి అక్కడే పోయాడు. యజమాని మీద సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందే పథకం వేయని హత్య) కేసు పెట్టారు. ఫ్లోరిడా అంటే తుపాకీ పట్టినవాడి వైపు చట్టం మెతకగా ఉంటుందని పేరున్న రాష్ట్రం, అది గుర్తుంచుకోండి.

అపోహ: దొంగని ఆపే హక్కు షాపువాడికి ఉంది కాబట్టి ఎలా ఆపినా ఫరవాలేదు.

హక్కు ఉన్నమాట నిజం. షాప్‌కీపర్స్ ప్రివిలేజ్ అంటారు. టెక్సస్‌లో అది ఒకే ఒక్క వాక్యం: దొంగతనం చేశాడనో చేయబోతున్నాడనో సబబైన నమ్మకం ఉంటే, ఆ వస్తువు ఎవరిదో తేల్చుకోవడానికి, సబబైన పద్ధతిలో, సబబైనంత సేపు ఆపొచ్చు. ఆ వాక్యంలో "సబబు" మూడుసార్లు ఉంది, కేసులన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. వాడు తీయడం మీరు చూశారా, లేక పక్క కస్టమర్ చెబితే నమ్మారా? మధ్యలో పది సెకన్లు కళ్లు తిప్పుకుంటే ఆ వస్తువు వాడు మళ్లీ షెల్ఫులో పెట్టేసి ఉండొచ్చు. అప్పుడు మీరు ఆపింది ఏ తప్పూ చేయని మనిషిని, ఆ కేసు పేరు ఫాల్స్ ఇంప్రిజన్‌మెంట్, అంటే అక్రమంగా నిర్బంధించడం. నేల మీద పడేసి వీపు మీద కూర్చుంటే ఊపిరాడక చనిపోయిన సందర్భాలున్నాయి. వెనక గదిలో గంటసేపు కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవడం ఆపడం కిందికి రాదు.

ఇంత రాసినా అసలు భయం వేరే. నేను చేరిన కొత్తలో మా కౌంటర్‌లో ఒకతను కత్తి దొంగిలించిన కుర్రాడి హుడీ చెయ్యి పట్టుకున్నాడు. కుర్రాడు గింజుకుని తిరిగేసరికి ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. మావాడి కుడి నడుముకి ఉన్న హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) సరిగ్గా ఆ కుర్రాడి ఎడమ మోచేతి కింద. ఓ నాలుగు సెకన్లు ఉంటుందేమో. మావాడు దొంగని వదిలేసి రెండు చేతులతో తన గన్ మీద పడ్డాడు, కుర్రాడు పారిపోయాడు, కత్తి తలుపు దగ్గర పడిపోయింది. బట్టల షాపులో చెయ్యేస్తే అది కుస్తీ. మా దగ్గర అదే కుస్తీలోకి నిండు పిస్టల్‌ని మనమే మోసుకెళ్లి దొంగకి అందేలా పెడుతున్నాం. పైగా వాడు మిమ్మల్ని నెట్టి దెబ్బ తగిలించాడంటే అది చిన్న దొంగతనం కాదు, చట్టం దృష్టిలో దోపిడీ. అక్కణ్ణుంచి ఇద్దరికీ తిరిగొచ్చే దారి ఉండదు.

అపోహ: సరే, తుపాకీయే ఎత్తుకెళ్తుంటే? అప్పుడు పట్టుకోవాల్సిందే కదా.

దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు, ఆ గన్ రేపు ఏం చేస్తుందో తలుచుకుంటే నిద్ర పట్టదు. అయినా నా జవాబు వద్దనే. లైసెన్సున్న షాపు సరుకులోంచి తుపాకీ దొంగిలిస్తే ఫెడరల్ చట్టం కింద పదేళ్ల దాకా జైలు, టెక్సస్‌లో ధరతో పని లేకుండా ఫెలొనీ, అంటే పెద్ద నేరం. పోలీసులు ఇలాంటి కాల్‌ని పక్కన పడేయరు. పోయినట్టు తెలిసిన 48 గంటల్లో షాపు ఏటీఎఫ్‌కీ (గన్ షాపుల మీద అజమాయిషీ ఉన్న ఫెడరల్ సంస్థ) స్థానిక పోలీసులకీ చెప్పాలి, షాపు రికార్డు పుస్తకంలో ఎక్కించాలి. అందుకే సీరియల్ నంబరు, కారు నంబరు, వాడి బూట్ల రంగు, ఇవి కావాలి నాకు. అసలు పని అంతకుముందే జరగాలి. ఒకసారి ఒక్క గన్నే కౌంటర్ మీదికి, కేసు వెంటనే తాళం, రెండోది అడిగితే మొదటిది లోపలికి. "ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు" అని నవ్వుతూ అడిగేవాడు మంచివాడే కావచ్చు, అయినా చూపించను.

అపోహ: పట్టిస్తే ఓనరు భుజం తడతాడు.

యూటాలోని లేటన్‌లో 2011లో వాల్‌మార్ట్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ దొంగని ఆఫీసు గదిలోకి తీసుకెళ్తే వాడు పిస్టల్ తీశాడు. ఎవరికీ ఏమీ కాకుండా లాక్కున్నారు. కంపెనీ వాళ్లని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆత్మరక్షణ చేసుకుంటే తీసేయకూడదని యూటా సుప్రీంకోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది, అదీ తప్పుకునే దారి లేనప్పుడు మాత్రమేనని. ఇంకోటి, పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే వర్కర్స్ కాంప్ ఇన్సూరెన్స్‌ని టెక్సస్‌లో ప్రైవేటు యజమాని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. మీ ఓనరుకి ఉందో లేదో అడిగి చూడండి.

మరి నేనేం చేస్తానంటే, మొన్న ఒకడు రెడ్ డాట్ జేబులో వేసుకోవడం నా కళ్లతో చూశాను. పక్కకెళ్లి, చేతులు కనిపించేలా పెట్టుకుని, "ఆ సైట్‌కి మౌంట్ కూడా కావాలి సార్, బిల్లులో కలిపేయనా?" అన్నాను. ఒక నిమిషం తూటాల ధరలు చదువుతున్నట్టు నిలబడ్డాడు. తర్వాత డబ్బా షెల్ఫు మీద తలకిందులుగా పెట్టి వెళ్లిపోయాడు.

చివరిగా, గ్యాస్ స్టేషన్లలో, లిక్కర్ స్టోర్లలో కౌంటర్ మీదుండే మన పిల్లలకి ఒక మాట. "బీరు ప్యాక్ దొంగని తరిమి పట్టుకున్నా అన్నా" అని ఫోన్ చేసి చెప్పేవాళ్లున్నారు నాకు. తమ్ముడూ, వాడు ఎదురు కేసు పెట్టి పోలీసులు నిన్ను ఒక్క పూట లోపల పెట్టినా, తర్వాత కేసు కొట్టేసినా, వీసా ఫారంలో, గ్రీన్ కార్డు ఫారంలో, చివరికి సిటిజన్‌షిప్ ఫారంలో కూడా "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్న ఉంటుంది. ఆ బీరు ప్యాక్ గురించి ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకోవాలి.