ఈ నలభై శాతం ఎక్కడి నుంచి వచ్చింది? సదరం కాగితం వెనక కథ

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాదికి సదరం క్యాంపుకి, అంటే వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే చోటికి తీసుకెళ్ళాను. స్లాట్ దొరకడానికే మూడు నెలలు పట్టింది. పొద్దున ఫోన్ చేస్తే సచివాలయంలో "ఇంకా ఓపెన్ కాలేదన్నా" అనేవాళ్ళు, మధ్యాహ్నం చేస్తే "అయిపోయాయన్నా" అనేవాళ్ళు. ఎమ్మారై ఫిల్ములు, బీపీ చీటీలు, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు, అన్నీ ఒక పెద్ద బట్టల షాపు కవర్లో కుక్కి పట్టుకెళ్ళాం. డాక్టరుగారు ఆ కవర్ వైపు కూడా చూడలేదు. "పెద్దాయనా, చెయ్యి పైకెత్తు" అన్నారు. "ఎత్తలేకే కదా సార్ వచ్చింది" అన్నాడు పెదనాన్న. వేళ్ళు బిగించమన్నారు, నాలుగడుగులు నడిపించారు, మోకాలి దగ్గర కోణమానిని లాంటి పరికరం పెట్టి ఎంత వంగుతుందో చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడొచ్చింది? డిశ్చార్జి కాగితం ఏది?"

అంత కవర్లోనూ లేనిది ఆ ఒక్క కాగితమే. ఇంట్లో ఎల్ఐసీ బాండ్లతో పాటు బీరువాలో ఉండిపోయింది. ఫోన్ చేసి ఫోటో పెట్టించుకుంటే "ఒరిజినల్ కావాలి" అన్నారు. మళ్ళీ స్లాట్, మళ్ళీ ఆటో.

ఆ రోజు నాకు మండింది గానీ, తర్వాత రూల్స్ చదివితే సంగతి అర్థమైంది. నరాల జబ్బు వచ్చి ఆరు నెలలు దాటితేనే వైకల్యం లెక్కకడతారు, ఆలోపు కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి. పైగా కొలవాల్సింది జబ్బును కాదు, అది ఒంట్లో మిగిల్చిన నష్టాన్ని. అందుకే ఎమ్మారై కంటే డిశ్చార్జి కాగితం మీద తేదీ ముఖ్యమైంది. ఈ ముక్క స్లాట్ బుక్ చేసేటప్పుడే ఎవరైనా చెబితే సరిపోయేది.

అసలు మనిషిని శాతాల్లో కొలవడం ఎప్పుడు మొదలైంది? కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ, డీ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ 1977లో వచ్చింది. 1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. రాయితీలు, ఉద్యోగాలు మొదలయ్యాక "వికలాంగులు అంటే ఎవరు" అన్న ప్రశ్న రాక తప్పదు కదా. 1986 ఆగస్టులో కేంద్ర సంక్షేమ శాఖ అందరికీ ఒకే నిర్వచనం ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 40 లోపు స్వల్పం, 40 నుంచి మధ్యస్థం, 75 దాటితే తీవ్రం, 100 అయితే సంపూర్ణం అని అందులో గీతలు గీశారు. ఫైళ్ళ కోసం గీసిన ఆ గీతే 1995 చట్టంలోకి వచ్చింది. "వైద్యాధికారి ధ్రువీకరించిన, 40 శాతానికి తగ్గని వైకల్యం" ఉన్నవాళ్ళే చట్టం లెక్కలో వికలాంగులు. మన ఊళ్ళలో "ఎంత పడింది?" అని అడుగుతారే, పరీక్షల్లో మార్కులు అడిగినట్టు, ఆ అడగడం వెనక ఉన్నది ఈ గీతే.

1995 చట్టంలో ఏడు రకాలే ఉన్నాయి. చూపు లేకపోవడం, చూపు మందగించడం, కుష్ఠు నుంచి కోలుకున్నవాళ్ళు, వినికిడి, కాళ్ళూచేతులు, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు. దేన్ని ఎలా కొలవాలో 2001 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. ఇప్పటికీ తగువులు తెచ్చే లెక్కలు చాలావరకు అందులోవే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగా ఉంటే 30 శాతం, అంటే గీత కిందే. ఒంటి కన్నుతో డ్రైవింగ్ మానేసినవాడికి ఈ 30 అంటే ఎంత కోపం వస్తుందో నేను దగ్గర్నుంచి చూశాను.

ఇంకో తమాషా ఉంది. రెండు వైకల్యాలుంటే కూడికలు చెయ్యరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90 లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి 90తో భాగించి, వచ్చింది పెద్ద అంకెకు కలుపుతారు. పెదనాన్నకు చెయ్యీకాలుకు 50, చెవులకు 30 వేశారు. మేం 80 అనుకుని సంబరపడ్డాం. లెక్క తేలితే 63. వైకల్యం ఎన్ని రకాలున్నా 90 దాటకుండా ఉండేందుకు పెట్టిన సూత్రం అది, తప్పేమీ లేదు. కానీ ఆ మాట కౌంటర్లో ఎవరూ చెప్పరు, డాక్టరు తగ్గించేశాడని జనం తిట్టుకుంటూ వెళ్ళిపోతారు.

ఎనభై మీద ఆశ ఎందుకంటే, 2009లో కేంద్రం మొదలుపెట్టిన వికలాంగుల పింఛనుకు 80 శాతం ఉండాలి, దారిద్ర్యరేఖ దిగువన ఉండాలి. మొదట 200 రూపాయలు, 2012లో 300 చేశారు. ఆ తర్వాత కదల్లేదు. మిగతాదంతా రాష్ట్రాలే వేసుకుంటున్నాయి.

సదరం సంగతికొస్తే, అంతకుముందు జిల్లా ఆసుపత్రిలో మెడికల్ బోర్డు కూర్చునేది, ముగ్గురు డాక్టర్లు, చేతిరాత సర్టిఫికెట్, గుండ్రటి స్టాంపు. ఒక్కో జిల్లాలో ఒక్కో తీరు, నకిలీలు విపరీతం. 2009 చివర్లో కేంద్రం నిబంధనలు సడలించి, కాలు తెగిపోవడం లాంటి కంటికి కనిపించే వైకల్యానికి ఒక్క డాక్టరు సంతకం చాలంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శాతాన్ని కంప్యూటరే లెక్కగట్టేలా సదరం సాఫ్ట్‌వేర్ తెచ్చింది. డాక్టరు కొలతలు ఎక్కిస్తే అంకె దానంతటదే వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులు 22 లక్షల పైచిలుకు. అంతమందిని క్యాంపులకు రప్పించి పరీక్షించడం చిన్న పనేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. సదరం అనేది ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాల కూర్పే అయినా, జనం నోట్లో పడి అచ్చ తెలుగు మాటలా అయిపోయింది.

పింఛను పెరిగేకొద్దీ కాగితం విలువా పెరిగింది. వికలాంగుల హక్కుల పోరాట సమితి (వీహెచ్‌పీఎస్) లాంటి సంఘాలు ఏళ్ళ తరబడి రోడ్డెక్కి కొట్లాడాయి. రాష్ట్రం విడిపోయే నాటికి నెలకు 500 ఉండేది. 2014లో తెలంగాణ ఆసరా పింఛను పథకం కింద 1,500 చేసింది. ఆంధ్రలో 40 నుంచి 79 వరకు 1,000, 80 దాటితే 1,500. అంటే 79కీ 80కీ మధ్య నెలకు 500 తేడా, డాక్టరు మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకోండి. తెలంగాణలో 2023 నాటికి 4,016 అయింది. ఆంధ్రలో 2024 జులై నుంచి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000.

ఈలోపు చట్టం కూడా మారింది. 2016 డిసెంబర్లో పాసై 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఏడింటిని 21 చేసింది. ఆటిజం, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, తలసేమియా, హిమోఫీలియా, ఏజెన్సీలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ కూడా చేరాయి. కొలిచే మార్గదర్శకాలు 2018 జనవరిలో వచ్చాయి, 2024 మార్చిలో మళ్ళీ సవరించారు. (ఈ మధ్యలో వికలాంగులు దివ్యాంగులయ్యారు, ఆంధ్రలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతులైంది. పేరు మార్చినంత వేగంగా ర్యాంపులు కట్టి ఉంటే బాగుండేది.)

కొత్త రకాలొచ్చాక సాక్ష్యం కష్టం పెరిగింది. తెగిన కాలు అందరికీ కనిపిస్తుంది, మానసిక జబ్బు కనిపించదు. దానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పని తాను చేసుకోగలడా, నలుగురితో మాట్లాడగలడా, సంపాదించగలడా అని చూస్తారు, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానికీ మార్కులుంటాయి. ఆ ఏళ్ళు రుజువు చెయ్యాలంటే పాత చీటీలు కావాలి. మొదటి నాలుగేళ్ళూ దర్గాల చుట్టూ, తాయెత్తుల చుట్టూ తిరిగిన కుటుంబం దగ్గర చీటీ ఎక్కడుంటుంది? వినికిడికి ఆడియోగ్రామ్ ఒక్కటే సరిపోదు, వినబడినా వినబడలేదని చెయ్యెత్తకపోవచ్చు కదా అని బెరా పరీక్ష కూడా అడుగుతారు. అందులో మనిషి జవాబు చెప్పక్కర్లేదు, తలకు అంటించిన ఎలక్ట్రోడ్లే చెబుతాయి.

ఆ అనుమానమే 2025లో పెద్దదై కూర్చుంది. పింఛన్ల కోసం బోగస్ సర్టిఫికెట్లు పుట్టించారన్న ఆరోపణలతో ఆంధ్రలో జనవరి నుంచి రీవెరిఫికేషన్ మొదలుపెట్టారు. ముందు 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకు డాక్టర్లు వెళ్ళారు, తర్వాత మిగతావాళ్ళను ఆసుపత్రులకు పిలిచారు. ఆగస్టులో 40కి తగ్గిందంటూ నోటీసులు వచ్చేసరికి గగ్గోలు రేగింది. చివరికి అప్పీలు చేసుకున్నవాళ్ళకు పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బోగస్‌లు లేవని నేననను, మా మండలంలోనే బైక్ మీద వచ్చి పింఛను తీసుకునే "నడవలేని" మనిషి ఒకాయన ఉన్నాడు. కానీ పదిహేనేళ్ళ కిందటి క్యాంపులో సర్టిఫికెట్ తీసుకున్న ముసలావిడను ఇప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మంటే ఎక్కడ తెస్తుంది? చేసిన ఆసుపత్రే మూతపడి ఉంటుంది.

తెలంగాణ 2025లో సదరం వదిలి కేంద్రం వారి యూడీఐడీ వైపు, అంటే దేశమంతటా ఒకేలా ఉండే వికలాంగుల గుర్తింపు కార్డు వైపు మళ్ళింది. 40 లోపు తెల్ల కార్డు, 80 లోపు పసుపు, ఆపైన నీలం. రంగులొచ్చాయి గానీ గీత మాత్రం 1986 నాటిదే.

పెదనాన్నకు రెండో విడతలో సర్టిఫికెట్ వచ్చింది, 63 శాతం, టెంపరరీ. గడువు అయిపోగానే మళ్ళీ స్లాట్, మళ్ళీ డిశ్చార్జి కాగితం. దాన్ని ఆయన ఇప్పుడు బీరువాలో పెట్టనివ్వడం లేదు. లామినేషన్ చేయించబోతే నేనే ఆపాను, లామినేట్ చేస్తే ఒరిజినలో కాదో తెలియట్లేదంటారేమోనని.