నూకలు పోసి సన్నబియ్యం సంచి: ఇంట్లో దాచుకునే సినిమాల మీద అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన షాపు మాది. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ తర్వాత డీవీడీలు. ఇప్పుడు అద్దెలు లేవు. అదే షట్టర్ కింద టీవీలు, హోమ్ థియేటర్లు బిగించే పని పెట్టుకున్నాను. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ దాకా తిరుగుతుంటాను. టీవీ గోడకెక్కించి రిమోట్ చేతికివ్వగానే అడిగే మాట ఒకటుంది: "అన్నా, దీంట్ల చూడదగ్గ మంచి పిచ్చర్లు ఏవి? కొని పెట్టుకుంటం." అడగడం మంచిదే. ఆ వెంటనే వాళ్లే చెప్పే జవాబులతోనే నాకు పేచీ.

అపోహ: "ఫోర్‌కే అని రాసి ఉంటే చాలు."

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆయన ఇంట్లో 65 అంగుళాల టీవీ పెట్టాను. ఆయన పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. ఫైలు పేరులో ఫోర్‌కే ఉంది, హెచ్‌డీఆర్ ఉంది, ఇంకా ఏవేవో అక్షరాలున్నాయి. సైజు చూస్తే 2 జీబీ. రెండున్నర గంటల సినిమా. లెక్క కడితే సెకనుకు దక్కే డేటా సుమారు 1.8 మెగాబిట్లు. డీవీడీలో బొమ్మకు సెకనుకు 9.8 మెగాబిట్ల వరకు వాడుకోవచ్చు, డీవీడీ తర్వాత వచ్చిన హెచ్‌డీ డిస్కు బ్లూ-రేలో 40 వరకు. కొత్త రకం ఫైళ్లు తక్కువ చోటులో ఎక్కువ కుదిస్తాయన్నది నిజమే. కానీ ఇంతలా కుదిస్తే పొగ, వాన, దుమ్ము వచ్చిన సీన్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఆయనకు ఫైటు సీనులో ఆపి చూపించాను. హీరో వెనక లేచిన దుమ్ము గచ్చుకు పరిచిన బండల్లా కనిపించింది. ఆయన ఒక్క నిమిషం చూసి, "అంటే నూకలు పోసి సన్నబియ్యం సంచి కుట్టిండ్రన్నట్టు" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పిక్సెళ్ల లెక్కలో, అంటే బొమ్మను కూర్చిన చుక్కల లెక్కలో, డీవీడీ 720 × 576, బ్లూ-రే 1920 × 1080, ఫోర్‌కే డిస్కు 3840 × 2160. అంకెలు నిజమే. అయితే మీరు ఎంత దూరంలో కూర్చుంటారన్నది ఎవరూ అడగరు. మామూలు చూపున్న మనిషికి 43 అంగుళాల టీవీలో బ్లూ-రేకీ ఫోర్‌కేకీ పిక్సెళ్ల తేడా తెలియాలంటే సుమారు ఐదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. 55 అయితే ఏడడుగులు, 65 అయితే ఎనిమిదిన్నర. మన హాళ్లలో సోఫా ఎదుటి గోడకు ఆనుకొని పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటుంది. అంత దూరం నుంచి ఫోర్‌కేలో కనిపించే లాభం రంగుల్లోనూ వెలుగుచీకట్లలోనూ ఉంటుంది. పిక్సెళ్ల వల్ల కాదు. మంచి బ్లూ-రే చేతిలో ఉంటే అదే సినిమాను ఫోర్‌కేలో మళ్లీ కొనొద్దని చెబుతాను. ఈ మాటతో నా వ్యాపారం ఏమంత పెరగదు.

అపోహ: "కొత్త సినిమా అయితే క్వాలిటీ దానంతటదే వస్తది."

డిస్కులోకి వచ్చేది సినిమా ఏ కొలతలో పూర్తయిందో దాన్ని బట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ ఎక్కువగా ఉన్న సినిమాలను చాలాకాలం టూకేలోనే, అంటే 2048 పిక్సెళ్ల వెడల్పులోనే ముగించారు. 2015లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' కూడా అలా ముగించినదే. దాని ఫోర్‌కే డిస్కు సాగదీసిన బొమ్మే. అయినా ఎడారి రంగుల వల్ల చూడముచ్చటగా ఉంటుంది. ఇంకో కొసన 2002 నాటి '28 డేస్ లేటర్' ఉంది. దాన్ని చాలావరకు క్యానన్ ఎక్స్‌ఎల్1 అనే మామూలు డిజిటల్ వీడియో కెమెరాతో తీశారు. ఆ కరుకుదనం కావాలనే తెచ్చుకున్నారు. దాన్ని ఏ డిస్కులో పెట్టినా లేని వివరం పుట్టదు. నచ్చితే కొనుక్కోండి, హెచ్‌డీ కోసం మాత్రం కాదు.

అపోహ: "పాత బ్లాక్ అండ్ వైట్‌కు హెచ్‌డీ దండగ."

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. 35 ఎంఎం నెగెటివ్‌లో, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ములో, బ్లూ-రే పట్టగలిగిన దానికంటే ఎక్కువ వివరం ఉంటుంది. మనం ఇన్నాళ్లూ చూసింది నెగెటివ్‌ను కాదు. వందసార్లు ఆడి గీతలు పడ్డ ప్రింటును, దాన్నుంచి తీసిన టేపును, ఆ టేపు నుంచి చేసిన వీసీడీని చూశాం. వీసీడీ బొమ్మ 352 × 288. అందులో ముసలావిడ మొహం మీద ముడత కూడా నిలవదు.

నా షాపులో డెమోకు 'పథేర్ పాంచాలి' బ్లూ-రే ఉంది. 1955 నాటి సత్యజిత్ రే బెంగాలీ సినిమా, అపు కథ చెప్పే మూడు సినిమాల్లో మొదటిది. 1993లో లండన్ ల్యాబులో మంటలంటుకుని ఆ మూడు సినిమాల నెగెటివ్‌లు కాలిపోయాయి. మాడి పెళుసైపోయిన రీళ్లను ఇటలీలోని బొలోన్యాలో చేత్తో బాగుచేశారు. పనికొచ్చినంత మేర వాటిని, మిగతా చోట్ల వేరే కాపీలను వాడి ఫోర్‌కేలో స్కాన్ చేశారు. 2015లో మళ్లీ విడుదలైంది. పిల్లలిద్దరూ రైలు చూడ్డానికి రెల్లు దుబ్బుల్లో పరిగెత్తే సీను పెడతాను. వీసీడీలో అది తెల్లటి మసక. ఈ డిస్కులో ఒక్కో రెల్లుపువ్వు వేరుగా ఊగుతుంది. ఎండ దాని అంచు పట్టుకున్నచోట తెలుపు వేరు, వెనక ఆకాశం తెలుపు వేరు. రంగు లేనప్పుడు కంటికి ఆధారం ఈ బూడిద ఛాయలే. అవి పోతే బొమ్మలో మిగిలేదేమీ లేదు. అందుకే హెచ్‌డీ వల్ల ఎక్కువ బాగుపడేవి బ్లాక్ అండ్ వైట్ సినిమాలే అంటాను.

పానగల్ వైపు నుంచి ఒక రిటైర్డ్ సారు వస్తుంటారు. ఆ రెల్లు చూసి, "మరి మన మాయాబజారో?" అన్నారు. 1957 సినిమా, కెమెరా మార్కస్ బార్ట్లే. షాపులో ఉన్నది మామూలు డీవీడీ. పడవ పాట పెట్టాను. డెమో కోసం టీవీ కళ్లు జిగేల్మనే 'వివిడ్'లో ఉంది. వెన్నెల కాస్తా మిట్టమధ్యాహ్నంలా ఉంది, నీళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. పిక్చర్ మెనూలో 'సినిమా' మోడ్‌కు మార్చాను. కాంట్రాస్ట్ 100 నుంచి 85కు దించాను, షార్ప్‌నెస్ సున్నా చేశాను. నీటి మీద మెరుపు గీతలు విడివిడిగా తేలాయి. సారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. డీవీడీలోనే ఇంత తేడా ఉంటే నెగెటివ్ నుంచి శుభ్రంగా స్కాన్ చేసింది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రంగులద్దిన మాయాబజార్ 2010లో వచ్చింది. పిల్లలకు చూపించడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని స్కోప్ వెడల్పుకు, అంటే సినిమాస్కోప్ తెర వెడల్పుకు కూడా మార్చారు. చతురస్రానికి దగ్గరగా ఉన్న ఫ్రేమును అంత వెడల్పు చేయాలంటే పైనా కిందా వదులుకోవాల్సిందే. దాచుకోవడానికి నేనైతే నలుపు తెలుపే ఎంచుకుంటాను.

మన వైపు కథలకూ ఇదే లెక్క. 'దాసి' (1988) దొర గడీ లోపలి కథ. ఛాయాగ్రహణానికి ఏ.కే.బీర్‌కు జాతీయ అవార్డు వచ్చింది. గడీ లోపలి మసక వెలుతురే అందులో సగం కథ చెబుతుంది. అరిగిన కాపీలో ఆ మసక ఒట్టి చీకటైపోతుంది. దాన్ని ఎవరైనా నెగెటివ్ నుంచి శుభ్రంగా డిస్కుకు ఎక్కిస్తే నల్లగొండలో మొదటి కాపీ నాదే.

అపోహ: "నల్ల పట్టీలొస్తే పిచ్చర్ కోసినట్టు."

ఈ ఫోన్ వారానికి రెండుసార్లైనా వస్తుంది. "గిదేంది భాయ్, ఇంత పైస పోసి కొంటే పైన కింద నల్లగ ఉన్నది?" అసలు సంగతి తలకిందులు. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు, టీవీ 1.78 రెట్లు. బొమ్మ పూర్తిగా కనిపించాలంటే పైనా కిందా ఖాళీ మిగలాల్సిందే. ఆ ఖాళీ నింపాలని జూమ్ నొక్కితే పక్కల నుంచి నాలుగో వంతు బొమ్మ పోతుంది. 'అల్లూరి సీతారామరాజు' 1974లో తెలుగుకు స్కోప్ తెచ్చింది. ఆ తెర వెడల్పును నింపడానికి పెట్టిన మనుషుల్లో చివరి నలుగురిని రిమోట్‌తో బయటికి పంపినట్టవుతుంది. పాత సినిమాలకు పట్టీలు పక్కలకు వస్తాయి, అవీ సరైనవే. కొత్తలో నేనే జనం గొడవ పడలేక జూమ్ పెట్టి ఇచ్చేవాణ్ని. రెండేళ్లు అదే చేశాను, ఒప్పుకుంటున్నా.

అపోహ: "చుక్కలు కనబడితే ఖరాబు ప్రింటు. నున్నగా ఉంటే మంచిది."

ఫిల్మ్ మీద తీసిన బొమ్మకు గరుకు ఉంటుంది. దాన్నే గ్రెయిన్ అంటాం. ఆ గరుకులోనే చర్మం, నూలు చీర నేత, గోడ పెచ్చులు ఉంటాయి. దాన్ని కంప్యూటర్‌తో తుడిచేస్తే మొహాలు మైనం బొమ్మల్లా మెరుస్తాయి. పాత పాటలను 'ఫోర్‌కే' అని నున్నగా చేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు కదా, వాటిలో కనురెప్పలు చూడండి. ఒక ఫ్రేములో ఉంటాయి, మరో ఫ్రేములో ఉండవు. టీవీ కూడా ఇదే పని చేస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు మధ్యలో దొంగ ఫ్రేములు కల్పించి సీరియల్‌లా జారేలా చేస్తుంది. సెట్టింగ్స్‌లో 'మోషన్' అనే మాట ఎక్కడ కనబడితే అక్కడ ఆఫ్ చేయండి.

అపోహ: "డబ్బా మీద రీమాస్టర్ అని ఉంది కదా."

రీమాస్టర్ అంటే పాత సినిమాను కొత్తగా శుభ్రం చేసి తయారుచేశామని చెప్పుకోవడం. ఆ మాటకు నేనూ మోసపోయాను. పాత హిందీ సినిమా ఒకటి, డబ్బా బంగారు అక్షరాలతో మెరిసిపోతోంది. బ్లూ-రే అని తెప్పించుకున్నాను. పెట్టి చూస్తే టైటిల్స్ అక్షరాల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. డీవీడీ కోసం చేసిన పాత వీడియోనే పెద్దది చేసి నింపారు. అప్పటి నుంచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. మన దేశంలో టేపులు, చాలా డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి. 24 ఫ్రేముల సినిమాను అందులో నడిపితే నాలుగు శాతం వేగంగా పోతుంది. 150 నిమిషాల సినిమా 144లో అయిపోతుంది, పాట శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. బ్లూ-రే డబ్బా మీద నిడివి అలా తగ్గి ఉంటే రెండే కారణాలు. సీన్లు కోసి ఉండాలి, లేదా పాత టేపు నుంచి తీసి ఉండాలి. రెండింటిలో ఏదైనా నేను ముట్టను. 'నెగెటివ్ నుంచి ఫోర్‌కే స్కాన్' అని స్పష్టంగా రాసి ఉంటే అప్పుడు జేబులో చెయ్యి పెడతాను.

అపోహ: "ఫైట్లు, గ్రాఫిక్స్ ఉన్నవే కొనాలె."

ఫైట్లు షోరూమ్‌లో టీవీ అమ్మడానికి పనికొస్తాయి. ఇంట్లో మూడోసారి పెట్టేది వేరే సినిమా. మిల్లు ఆయన ముప్పై పేర్ల చీటీ ఇస్తే నేను ఒక్కటే అడిగాను: "వీటిలో మూడోసారి కూర్చొని చూసినవి ఏవి?" ఏడు మిగిలాయి. అందులో నాలుగు ఆయన చిన్నప్పటివి. ఆ ఏడింటికీ నేను ఒకటి కలిపాను, 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962). మామూలు ఫిల్ముకు దాదాపు రెట్టింపు వెడల్పున్న 65 ఎంఎం నెగెటివ్ మీద తీశారు. ఎడారిలో ఎండమావి మధ్య నుంచి ఒంటె మీద ఒక మనిషి వస్తాడు. మొదట నల్ల చుక్క, అది వణుకుతుంది, సాగుతుంది, చాలాసేపటికి మనిషవుతుంది. వీసీడీలో ఆ చుక్కే లేదు. ఖాళీ ఇసుకను చూస్తూ కూర్చొని, సీను ఎందుకు కదలట్లేదని విసుక్కున్నవాళ్లు నా కస్టమర్లలోనే ఉన్నారు. బొమ్మ చిన్నదైతే కథే అర్థం కాని సినిమాలు ఇలాంటివి. కొనాల్సిందీ వీటినే. ఒకసారి చూసి నవ్వుకునే కామెడీలకు ఓటీటీ చాలు.

ఓటీటీలో 'కొనుక్కున్నది' ఎప్పటికీ ఉంటుందనుకోకండి. అది చూసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. వాళ్ల హక్కులు అయిపోతే సినిమా మాయమవ్వచ్చు.

మన ఊళ్లో కొత్త డిస్కు దొరకడం కష్టం, బయటి నుంచి తెప్పించుకోవాలి. అప్పుడు రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే గుర్తు చూసుకోండి. బ్లూ-రేలో మనది సి, అమెరికా ఏ, బ్రిటన్ బి. ఫోర్‌కే డిస్కులకు ఆ గొడవ లేదు. సౌండ్ బాక్సుకు పాత ఆప్టికల్ వైరు పెట్టి బ్లూ-రే ధ్వని ఏమంత గొప్పగా లేదనేవాళ్లు హెచ్‌డీఎంఐ మార్చి చూడండి. నష్టం లేకుండా దాచిన ట్రూహెచ్‌డీ, డీటీఎస్ మాస్టర్ ట్రాకులు ఆప్టికల్‌లో పోవు. బ్లూ-రేలో డేటా పొర పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. గట్టి పూత ఉన్నా లుంగీ కొసతో తుడవకండి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద అసలు వదలకండి.

పానగల్ సారు చివరికి వాళ్లింట్లోనూ టీవీ మార్పించుకున్నారు. సినిమా మోడ్ నేనే పెట్టి వచ్చాను. సెలవులకు మనవడొచ్చిన నాలుగో రోజు ఫోన్: "బిడ్డా, పోరడేదో నొక్కిండు. మల్ల వెన్నెలంత ఎండైంది. ఏ బటన్ అంటివి?"