ఖాళీ జాగా దండగ కాదండి: బొమ్మల కంపోజిషన్‌లో అపోహలు - వాస్తవాలు

రావులపాలెంలో పగలు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను, సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. ఫ్లెక్సీ వేయించుకునే ఆసామీ, బొమ్మ నేర్చుకునే పిల్లాడు కంపోజిషన్ గురించి, అంటే బొమ్మలో దేన్ని ఎక్కడ, ఎంత పెట్టాలనే అమరిక గురించి, దాదాపు ఒకే రకం మాటలు చెబుతారు. వాటిలో ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: డబ్బులిచ్చిన జాగా అంతా నిండాలి

ఫ్లెక్సీకి చదరపు అడుగుల లెక్కన తీసుకుంటాం కాబట్టి ఈ మాట రావడం సహజమే. "ఇంత ఖాళీ వదిలేశారేంటండి, మా బావమరిది ఫొటో పట్టేస్తుంది కదా?" అంటారు. పడుతుంది. ఆయన పక్కన ఇంకో నలుగురివీ పడతాయి. అప్పుడు పెళ్ళికొడుకు ఎవరో వెతుక్కోవాలి. కన్ను ముందు ఒక చోట ఆగి, అక్కణ్ణుంచి మిగతా చోట్లకు వెళ్ళాలి. ఆ మొదటి చోటు ఏదో తేల్చేది చాలావరకు దాని చుట్టూ ఉన్న ఖాళీయే. కాగితం నిండా గోదావరి గీసి, ఒక మూల చిన్న పడవ పెట్టండి. చూపు నేరుగా దాని మీదికే పోతుంది. దాని పక్కనే పది పడవలు చేర్చితే రేవు కనిపిస్తుంది గానీ ఆ పడవ కనిపించదు.

అపోహ: బ్యాలెన్స్ అంటే రెండు వైపులా ఒకేలా ఉండటం

అది ఒక రకం మాత్రమే. సంక్రాంతి ముగ్గులో, నరసాపురం లేసు గుండ్రటి పీసులో ఉండేది అదే. అక్కడ అది అందం కూడా. కానీ బొమ్మలో బరువు సైజును బట్టే రాదు. ముదురు రంగుకు, మనిషి ముఖానికి, అక్షరాలకు, ఒంటరిగా ఉన్న వస్తువుకు బరువెక్కువ. కావిడిలో ఒక బుట్ట బరువైతే మోసేవాడు భుజాన్ని అటు జరుపుకున్నట్టే ఇక్కడా. పెద్ద కొబ్బరి గుబురు మధ్యకు దగ్గరగా ఉంటే, దూరంగా అవతలి అంచున ఒక్క మనిషి ఉన్నా సరిపోతుంది.

అపోహ: కాంట్రాస్ట్ అంటే కొట్టొచ్చే రంగులు

నన్నడిగితే అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ముదురు ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు అడుగుతారు. "రెండూ ఎదురెదురు రంగులే కదండి!" అంటారు. నిజమే, రంగుల చక్రంలో అవి ఎదురెదురుగానే ఉంటాయి. అయితే ఆ డిజైన్‌ని ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. తరచుగా అక్షరాలు బూడిద రంగులో కలిసిపోతాయి. రంగులు వేరైనా వాటి వెలుగు-చీకటి స్థాయి ఒకటే కావడం దీనికి కారణం. దూరం నుంచి, బండి మీద పోతూ చదివేవాడికి అంచుల్ని పట్టిచ్చేది ముఖ్యంగా ఈ స్థాయి తేడాయే. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగవాళ్ళు మన మధ్యే ఉన్నారు. నలుపు మీద పసుపు ఎంత దూరానికైనా తెలుస్తుంది, తెలుపు మీద పసుపు దగ్గరికొచ్చినా తెలియదు. ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు, కళ్ళు సగం మూసి చూస్తే చాలు.

అపోహ: మూడో వంతు సూత్రం దాటకూడదు

బొమ్మను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని నడుమ కాకుండా ఆ గీతల మీద పెట్టాలన్నదే ఈ సూత్రం. ఫోన్ కెమెరాలో వచ్చే గళ్ళ గీతలు అవే. ఈ సూత్రానికి పేరుపెట్టి 1797లో పుస్తకంలో రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. మంచి సలహాయే, చట్టం మాత్రం కాదు. మన డెల్టా నేలంతా చదును, దిగంతం గీసినట్టు ఉంటుంది. శ్రావణంలో మబ్బులు చూపించాలంటే ఆ గీతను బాగా కిందికి దించండి, ఊడ్పుల వరసలు చూపించాలంటే పైకి తీసుకెళ్ళండి. కాలవ నీళ్ళు కదలకుండా ఉండి, కొబ్బరి చెట్లు అందులో తలకిందులుగా కనిపిస్తుంటే గీత నట్టనడుమే ఉండాలి. పొడవు వెడల్పుకు 1.618 రెట్లు ఉండాలనే 'బంగారు నిష్పత్తి' సంగతీ అంతే. ఆ దీర్ఘచతురస్రమే అందరికీ నచ్చుతుందని పరీక్షలన్నీ ఏకగ్రీవంగా ఏమీ తేల్చలేదు.

అపోహ: ఇవన్నీ విదేశీ సూత్రాలు

కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు: రూపభేదం (ఆకారాల తేడా), ప్రమాణం (కొలతలు), భావం, లావణ్యయోజనం (సొగసు చేర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగుల వాడకం). అలాగని "అన్నీ మనవాళ్ళు ముందే చెప్పేశారు" అననక్కర్లేదు. ఆ జాబితా, పైన మనం చెప్పుకున్న ఖాళీ, బ్యాలెన్స్, కాంట్రాస్ట్‌ల జాబితా ఒకదానిమీద ఒకటి అతకవు. ఉదాహరణకు భావానికి ఇవతలి పాఠాల్లో సరైన జోడీ లేదు. రాజమండ్రి వెళితే చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) గ్యాలరీ చూడండి. ఆయన బొమ్మల ముందు నిలబడి, ఈ రెండు జాబితాల్లో ఏది ఎక్కడ పనిచేసిందో వెతకండి.

అపోహ: చెయ్యి తిరిగినవాళ్ళకే కంపోజిషన్ వస్తుంది

గీత వంకరైనా వస్తుంది. పెద్ద కాగితం ముట్టుకోకముందు, చిత్తు పుస్తకంలో బొటనవేలంత డబ్బాలు ఆరో ఏడో గీయండి. వాటిలో ముదురు, మధ్యరకం, లేత అనే మూడు మచ్చలు తప్ప ఇంకేమీ వేయొద్దు. కళ్ళూ ముక్కూ ఆకులూ అసలే వద్దు. పుస్తకాన్ని గోడకు ఆనించి, గది అవతలి మూల నుంచి చూసి, ఏ డబ్బా ముందు కనిపిస్తే దాన్నే పెద్దది చేసుకోండి.